క్షవరమూ, వివరమూ

నా గడ్డంలో మొండి వెంట్రుకలు రెండు చోట్ల ఉన్నాయి. ఎడమ దవడ ఎముక కింద, మెడలోకి దిగేచోట ఒక సుడి ఉంది. రెండోది కింది పెదవికీ గడ్డానికీ మధ్య ఉన్న పల్లం. మిగతా ముఖం ఏ బ్లేడుకైనా లొంగుతుంది. ఈ రెండు చోట్లూ పదిహేనేళ్లు ఏ బ్లేడుకూ లొంగలేదు. ఇంత సొంత గొడవ విమర్శ వ్యాసాలు వేసే పత్రికకు ఎందుకు రాస్తున్నావని పాఠకులు అడగవచ్చు. తెలుగు ఎమ్మే చదివీ, పదేళ్లుగా అభ్యుదయ సాహిత్యం పాఠం చెప్పీ నేను నేర్చుకోని సంగతి ఒకటి ఈ వెంట్రుకల పుణ్యమా అని నేర్చుకున్నాను. అది నాకొక్కడికే పనికొచ్చేదని తోచలేదు గనక రాస్తున్నాను.

మాది క్షురవృత్తి చేసుకునే కుటుంబం. మా తాత తెనాలి దగ్గర ఒక పల్లెలో ఇంటింటికీ పోయి గడ్డాలు గీసేవాడు, తలలు గొరిగేవాడు. జీతం అంటూ లేదు. కళ్లం రోజున రైతులు కొలిచే మేర ఉండేది. పెళ్లిళ్లకు సన్నాయి మా తాతది, కురుపులకు కత్తి మా తాతది, కానుపులకు చెయ్యి మా నాయనమ్మది. పుట్టుక నుంచి చావు దాకా మా ఇంటి మనిషి లేకుండా ఊళ్లో జరిగే కార్యం లేదు. ఆ కార్యాలలో నలుగురితోపాటు పంక్తిలో కూర్చునే హక్కు మాత్రం మాకు లేదు. మా నాన్న 1979లో ఊరు వదిలి తెనాలి వచ్చి చిన్న సెలూను పెట్టాడు. ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక బల్ల. ఆ బల్ల మీద కూర్చునే నేను బడిపుస్తకాలు చదువుకున్నాను. కాని కుర్చీ వెనక నిలబడి చేసే పని నాన్న నాకు ఎన్నడూ నేర్పలేదు. ఆయన నన్ను కొట్టింది జీవితంలో ఒకే ఒకసారి. అది కత్తి ముట్టుకున్నందుకు.

"ఆ చేత్తో కలం పట్టుకో. ఇది నాతో ఆగిపోవాలి" అన్నాడు.

నేను ఆ మాట చక్కగా పాటించాను. ఎంత చక్కగా అంటే, విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని ఎవరైనా అడిగితే "వ్యాపారం" అనేవాణ్ణి. శ్రమజీవుల కవిత్వం మీద వ్యాసాలు రాసి బహుమతులు పుచ్చుకున్నది కూడా ఆ రోజుల్లోనే.

ఇక వెంట్రుకల సంగతి. నేను పనిచేసేది ఒక ప్రైవేటు కాలేజీలో. అక్కడ లెక్చరర్లు నున్నగా గీసుకుని రావాలని నియమం. రోజూ గీసుకునేవాణ్ణి. బజారులో దొరికే రెండు బ్లేడుల రేజరూ వాడాను, మూడు బ్లేడులదీ, అయిదు బ్లేడులదీ వాడాను. బ్లేడులు పెరిగిన కొద్దీ మెడ మీద ఎర్రటి పొక్కులు పెరిగాయి. అందుకు కారణం ఉంది. ఈ రేజర్లలో మొదటి బ్లేడు వెంట్రుకను కొంత పైకి లాగుతూ కోస్తుంది. అది మళ్లీ లోపలికి ముడుచుకునే లోపల రెండోది ఇంకా అడుగున కోస్తుంది. నిటారుగా పెరిగే వెంట్రుకకు దీనివల్ల బాధ లేదు. సుడి తిరిగిన వంకర వెంట్రుక మాత్రం చర్మం కింద తెగి, మళ్లీ పెరిగేటప్పుడు బయటకు దారి దొరక్క లోపలే చర్మంలోకి గుచ్చుకుంటుంది. అక్కడ వాచి పొక్కు లేస్తుంది. ఆ పొక్కు మీదుగా మర్నాడు మళ్లీ బ్లేడు పోతుంది. ఒకరోజు ప్రిన్సిపాలు నన్ను పిలిచి, "మీ మెడ చూస్తే పిల్లలు పాఠం వినరండీ" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఆ రోజు మొదటిసారి, నా తండ్రి ముప్పై అయిదేళ్లపాటు పరాయివాళ్ల మెడలు నున్నగా గీశాడే అన్న ఆలోచన వచ్చింది.

ఆ ఆదివారం తెనాలి పోయాను. నాన్న కొట్టు మూసి చాలాకాలమయింది. పాత కత్తులు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి. మన దేశంలో హెచ్.ఐ.వి. 1986లో మొదటిసారి బయటపడింది. ఆ తర్వాత ఏళ్లలో ఒకే కత్తితో పదిమందికి గీయటం మంచిది కాదని అందరికీ తెలిసివచ్చి, సెలూన్లలోకి సగం బ్లేడు పెట్టి పారేసే కత్తులు వచ్చాయి. అది న్యాయమైన మార్పే. అట్లా మా తాత మంగలికత్తి పెట్టెలోకి పోయింది. జర్మనీలో చేసినదని ఆయన చెప్పేవాడట; పిడి దగ్గర చెక్కిన అక్షరాలు అరిగిపోయాయి. ఒక్కడి ముఖానికే వాడుకునేవాడికి దానివల్ల ప్రమాదం లేదు.

నేర్పమని అడిగితే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "దీనికోసమా నిన్ను చదివించింది?" అన్నాడు చివరికి. నేను మెడ చూపించాను. ఆయన బొటనవేలితో సుడి చుట్టూ తడిమాడు. అప్పుడు ఆయన ముఖంలో తండ్రి పోయి పనివాడు వచ్చాడు.

"మూడు రోజులు గియ్యమాక. పెరగనియ్. తర్వాత వేలు పెట్టి చూడు. ఎటు రాస్తే నున్నగా పోతుందో అది వాలు. ఎటు రాస్తే గుచ్చుకుంటుందో అది ఎదురు. నీ మొహం మీద ఏది ఎటు మొలుస్తుందో నీకు తెలియకుండా పదిహేనేళ్లు ఎట్టా గీశావురా?"

మూడు రోజుల తర్వాత పరీక్ష కాగితం వెనక నా ముఖం బొమ్మ గీసి బాణాలు వేశాను. రెండు చెంపల మీదా వెంట్రుకలు కిందికి మొలుస్తున్నాయి. మెడ కుడివైపు పైకి మొలుస్తున్నాయి. ఎడమవైపు చెవి దిక్కుకు పడుకున్నాయి. సుడి దగ్గర బాణాలు ఒకదాన్ని ఒకటి తరుముకుంటూ తిరిగాయి. నేను పదిహేనేళ్లుగా మెడ అంతటా పై నుంచి కిందికే గీశాను. అది వాలు అనుకున్నాను. కుడివైపు అది శుద్ధ ఎదురు.

ఆ తర్వాత నాన్న చెప్పిన పాఠం ఇది. ముందు నీళ్లు. వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు ముఖం మీద రెండు మూడు నిమిషాలు ఉంచాలి. వెంట్రుక నీళ్లు తాగి ఉబ్బి మెత్తబడుతుంది. పొడిగా ఉన్నప్పటికన్న చాలా తక్కువ బలంతో తెగుతుంది. మొండి చోట సబ్బునురుగు బ్రష్షుతో గుండ్రంగా తిప్పుతూ పట్టించాలి. అప్పుడు పడుకున్న వెంట్రుక లేచి నిలబడుతుంది. ఈలోగా కత్తిని తోలుపట్టా మీద లాగాలి. సానరాయి మీద కత్తి అంచు ముందు పోతుంది, తోలు మీద వెన్ను ముందు పోతుంది. ఇది తలకిందులు చేస్తే తోలు తెగుతుంది, కత్తి మొద్దుబారుతుంది. నాన్న చివరి నాలుగు లాగుళ్లూ తన అరచేతి మీద లాగేవాడు. ఆ అరచెయ్యి ఇప్పటికీ తోలులాగే ఉంటుంది.

గీసేటప్పుడు కత్తిని చర్మానికి దాదాపు ముప్పై డిగ్రీల వాలులో పట్టాలి. అంతకు తగ్గిస్తే వెంట్రుకను పీకుతుంది, పెంచితే చర్మాన్ని కోస్తుంది. బరువు వెయ్యకూడదు. కత్తి బరువే చాలు. "కత్తి పట్టేది కుడిచెయ్యి. గడ్డం గీసేది ఎడమచెయ్యి" అన్నాడు నాన్న. చర్మాన్ని బిగలాగి పట్టే ఎడమచెయ్యి సరిగా లేకపోతే కుడిచేతి నేర్పు వృథా. పెదవి కింద పల్లం సంగతి మరీ తేలిక. లోపలనుంచి నాలుకతో నెట్టితే పల్లం మెరక అవుతుంది. కత్తికి నేల దొరుకుతుంది. నాకు పదిహేనేళ్లు పట్టని కిటుకు అది.

సుడిని నాలుగు భాగాలుగా అనుకోమన్నాడు. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క దిక్కు. బొటనవేలి గోరంత మేర మించకుండా చిన్నచిన్న కోతలు. మొదటిసారి అంతా వాలునే. మళ్లీ నురుగు పట్టించి రెండోసారి అడ్డంగా. మూడోసారి ఎదురు. అదీ ముఖమంతటా మామూలు వెంట్రుకకే. చర్మంలోకి తిరిగి గుచ్చుకునే వెంట్రుకకు ఎదురు పనికిరాదు. అక్కడ కాస్త గరుకు మిగిలినా వదిలెయ్యాలి.

నేను మొదటివారం చెవి దగ్గర తెగ్గోసుకున్నాను. పటికతో సరిపోయింది. అంతకన్న పెద్ద తప్పు రెండోవారం చేశాను. ఆలస్యమవుతోందని నీళ్లు సరిగా పట్టించకుండా సుడి మీద కత్తి నొక్కాను. ఆదివారం నాన్న కత్తి చూసి, అంచు మీద సన్నని లొట్ట చూపించాడు. వెంట్రుక ఉక్కును ఎట్లా విరుస్తుందని నేను వాదించాను. "ఎండు వెంట్రుక విరుస్తుంది, అందులో అడ్డదిడ్డంగా తగిలితే మరీని" అన్నాడు. ఇంటికి వచ్చి వెతికాను. అమెరికాలో ఎమ్.ఐ.టి. పరిశోధకులు 2020లో ఈ విషయం మీదే సైన్స్ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. వెంట్రుక కన్న ఉక్కు దాదాపు 50 రెట్లు గట్టిది. అయినా వెంట్రుక వంగి, ఒక కోణంలో, అంచులో ఉక్కు నిర్మాణం ఎగుడుదిగుడుగా ఉన్నచోట తగిలితే ఉక్కు పెచ్చు లేస్తుందని వారు సూక్ష్మదర్శిని కింద చూసి తేల్చారు. మా నాన్న అయిదో తరగతితో బడి మానేశాడు. ఆయన దగ్గర సూక్ష్మదర్శిని లేదు. ఆయనకు కోణం సంగతి తెలుసు. ఉక్కు లోపలి సంగతి తెలియదు. రెండూ విజ్ఞానమే. ఒకదాన్ని విజ్ఞానం అంటున్నాం, రెండోదాన్ని అలవాటు అంటున్నాం.

ఇక్కడినుంచి నా బాధ సాహిత్యం మీదికి మళ్లింది. శ్రీశ్రీ "మహాప్రస్థానం" 1950లో పుస్తకంగా వచ్చింది. అందులో "ప్రతిజ్ఞ" నేను ఏటేటా పాఠం చెబుతాను. అందులో కొలిమి ఉంది, మగ్గం ఉంది, నాగలి, రంపం, గొడ్డలి ఉన్నాయి. మంగలికత్తి పేరు లేదు. వేయి వృత్తుల చిహ్నాలన్నీ అని కవి చివరికి చెప్పనే చెప్పాడు గనక ఆయనను తప్పుపట్టను. తప్పు నాది. ఇన్నేళ్లు ఆ కవిత చెబుతూ, ఆ మాటలో మా నాన్న కత్తి ఉందని ఒక్కసారీ తరగతిలో అనలేదు.

ఎందుకు అనలేదంటే, శ్రమ అనగానే మనం వస్తువును చూస్తాం. కొలిమినుంచి కొడవలి వస్తుంది, మగ్గంనుంచి బట్ట వస్తుంది. క్షురకుడి పనిలో చివరకు కనబడేది ఒక నున్నటి చెంప. అది మర్నాటికి ఉండదు. పైగా అది ఇతరుల ఒంటి మురికిని ముట్టుకునే పని. కులవ్యవస్థ అటువంటి పనిని కిందికి నెట్టింది. మనం ఆ నెట్టుడును మన అభిరుచిలో ఉంచుకున్నాం. "పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడు" అన్న సామెతను మనం ఎంత తేలిగ్గా వాడతామో చూడండి. వస్తువు తయారు కాని శ్రమ లెక్కకు రాదనే వారు మార్క్సును మరోసారి చూడాలి. 1867లో వచ్చిన "కాపిటల్" మొదటి సంపుటిలో ఉత్పాదక శ్రమకు ఆయన ఇచ్చిన ఉదాహరణ బడిపంతులు. యజమాని బడి పెట్టుబడిగా నడుపుతున్నప్పుడు అందులో పంతులు కూడా ఉత్పాదక శ్రామికుడే అన్నాడు. ప్రైవేటు కాలేజీలో లాభం పుట్టించే నేను శ్రామికుణ్ణే అని చెప్పుకోవటానికి ఆ మాటను ఎన్నోసార్లు ఉటంకించాను. మా నాన్న సంగతి ఆ ఉపన్యాసాలలో రాలేదు. అదే మార్క్సు 1882లో అల్జీర్సులో ఉండగా తన ప్రసిద్ధమైన గడ్డం తీయించుకుని, ఆ సంగతి ఎంగెల్సుకు ఉత్తరం రాశాడు. తీయించుకునే ముందు ఫోటో దిగాడు. ఫోటో మనకు మిగిలింది. ఆ గడ్డం తీసిన మనిషి పేరు నేను చదివినచోట ఎక్కడా లేదు.

ఇంతవరకు మా నాన్నను పొగిడాను. ఇక్కడితో ఆపితే నిజంలో సగమే చెప్పినవాణ్ణవుతాను. ఒక ఆదివారం కత్తి తుడుస్తూ, "ఈ కత్తి ఊళ్లో ఎవరి గడ్డం గియ్యలేదో తెలుసా?" అని అడిగాడు నాన్న. నాకు వెంటనే అర్థమయింది. దళితవాడలో ఒక్క గడ్డాన్ని కూడా మా తాత కత్తి ముట్టలేదు. అంటరానితనాన్ని శిక్షార్హం చేస్తూ 1955లో చట్టం వచ్చింది. మా ఊళ్లో చట్టం వచ్చిన తర్వాత కూడా తాత ఆ వాడకు పోలేదు.

"గీస్తే ఊరోళ్ల మేర ఆగిపోద్ది. గియ్యకపోతే వాళ్ల ఉసురు తగులుద్ది. మా నాన్న మేర వైపు పోయాడు" అన్నాడు.

తెనాలిలో కొట్టు పెట్టాక నాన్న కూడా మొదటి ఏడాది అట్లాగే నడిపాడట. ఎవరినీ పొమ్మనలేదు, ఎవరినీ రమ్మనలేదు. రిక్షా తొక్కే ఒకాయన రోజూ కొట్టు ముందు ఆగి, లోపలికి చూసి పోయేవాడు. ఏడాది గడిచాక ఒకరోజు నాన్నే బయటకు పోయి ఆయనను తీసుకువచ్చి ఆ ఒక్క కుర్చీలోనే కూర్చోబెట్టాడు. అప్పటికి బల్ల మీద ఉన్న ఇద్దరు పెద్దమనుషులు లేచిపోయారు. నెల తిరక్కుండా ఇద్దరూ మళ్లీ వచ్చారు. వాళ్ల గడ్డాలు నాన్న చేతికి అలవాటుపడ్డాయి.

"మొదటి రోజే ఎందుకు పిలవలేదు?" అని అడిగాను.

"మొదటి రోజు పిలిస్తే కొట్టు ఉండేది కాదు. కొట్టు లేకపోతే ఆయన కూర్చునేదెక్కడ?"

ఇది అచ్చంగా కత్తి పాఠమే. ముందు నీళ్లు, తర్వాత వాలు, తర్వాత అడ్డం, చివరకు ఎదురు. ఎదురు పోవటం అనే మాట మన అభ్యుదయ వర్గాలకు చాలా ఇష్టం. మెత్తబరచకుండా, ఏది ఎటు మొలుస్తుందో చూడకుండా మొదటి కోతే ఎదురు వేస్తే తెగేది చర్మం. వెంట్రుక లోపల మిగిలి పుండవుతుంది. ఇది నా మెడ మీద పదిహేనేళ్లు చూశాను. విద్యార్థి సంఘాలలో కూడా కొంత చూశాను. అయితే ఇది రాజీకి సాకు కాదా అని పాఠకులు అడగవచ్చు. అవుతుంది, మూడో కోత ఎన్నటికీ వెయ్యకపోతే. మా తాత జీవితమంతా వాలునే గీశాడు. మా నాన్న ఏడాది ఆగి ఎదురు గీశాడు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే కత్తి.

ఇంత చెప్పినా ఈ తర్కం నాకు పూర్తిగా సరిపోలేదు. ఆ ఏడాదిపాటు కొట్టు బయట ఆగి, లోపలికి చూసి వెళ్లిపోయిన మనిషికి ఇది ఎట్లా వినిపిస్తుంది? చర్మం మాది, ఓపిక ఆయనది. ఈ మాట నాన్నతో అన్నాను. ఆయన కోప్పడలేదు. "నిజమే. ఏడాది ఎక్కువే. ఆరు నెలలకే నా చెయ్యి కుదిరింది. మిగతా ఆరు నెలలూ భయమే" అన్నాడు. అడుగడుగునా పరిస్థితులను సాకు చెప్పే మన రాతల్లో ఇంత సూటి ఆత్మవిమర్శ నేను తక్కువగా చదివాను.

ఈ ఏడు "ప్రతిజ్ఞ" పాఠం చెప్పేటప్పుడు పిల్లలను ఒక ప్రశ్న అడిగాను: మీ ఇంట్లో ఏ పనిముట్టు ఉంది, దాన్ని ఎట్లా వాడతారు? చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను ఒకప్పుడు "వ్యాపారం" అన్నట్లే వాళ్లూ ఏదో అనబోతున్నారని తెలిసి, ముందుగా నేను చెప్పాను. మా నాన్న క్షురకుడు, ఆయన కత్తితోనే ఇవాళ గడ్డం గీసుకుని వచ్చాను, సుడిని నాలుగు భాగాలు చెయ్యాలి, అని బల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించాను. తర్వాత ఒక అమ్మాయి లేచి, వాళ్లమ్మ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఎంత సేపు రాజుకోవాలో, పట్టుబట్టకు వేడి చూసేందుకు తడివేలు ఎట్లా తాకించాలో చెప్పింది. గంట కొట్టాక కూడా ముగ్గురు చెబుతూనే ఉన్నారు. ఆ సంగతులు ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చదవలేదు. వాటిని వాళ్ల చేతనే రాయించాలని ఉంది. పాఠాలు చెప్పే మిత్రులు తమ తరగతుల్లో ఈ ప్రశ్న అడిగి చూస్తే బాగుంటుంది. అడిగేముందు తమ ఇంటి సంగతి తాము చెప్పాలి. లేకపోతే పిల్లలు చెప్పరు.

క్షవరమైతే గాని వివరం తెలియదని మనవాళ్లంటారు. ఆ సామెతలో క్షవరం అంటే మోసపోవటం, నష్టపోవటం. నా విషయంలో మాత్రం దానికి ఉన్న అర్థమే వర్తించింది. మెడ మీద పొక్కులు తగ్గాయి. సుడి దగ్గర కొద్దిగా గరుకు ఇప్పటికీ ఉంది. ప్రిన్సిపాలుగారు దాన్ని కూడా గమనించారు. అది అట్లా ఉండవలసిందేనని, మా నాన్న చెప్పారని ఆయనతో అన్నాను. మీ నాన్నగారు డాక్టరా అని అడిగారు. కాదండీ, క్షురకుడు అన్నాను.